నడవమన్నారు సరే, ఎక్కడికి పంపారు?

ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి గురించీ ఆశా కార్యకర్త నింపే ఫారంలో ఒక ప్రశ్న ఉంది. వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి పని చెబుతున్నారా, లేదా? చెబుతుంటే సున్నా, లేకపోతే ఒక మార్కు. వయసు, పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత, ఇంట్లో ఎవరికైనా షుగరు, బీపీ, గుండెజబ్బు ఉన్నాయా అనే ప్రశ్నలకు పడిన మార్కులతో దీన్ని కూడా కలుపుతారు. మొత్తం నాలుగు దాటితే ఆ మనిషిని పరీక్షలకు ముందుగా పిలవాలి. పిలుస్తారు కూడా. బీపీ చూస్తారు, వేలు గుచ్చి షుగరు చూస్తారు, ఎక్కువగా ఉంటే పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి రాస్తారు, మాత్రలు మొదలవుతాయి. కదలిక లేనందుకు పడిన ఆ ఒక్క మార్కు మాత్రం ఎక్కడికీ వెళ్లదు. అడగడమైతే అడిగాం. జవాబు విని ఏం చేయాలో ఎవరికీ అప్పగించలేదు.

షుగరు రోగికి చూపులో తేడా కనిపిస్తే కంటి డాక్టరుకు రాస్తారు. ఛాతీలో పట్టేసినట్టుందంటే ఈసీజీకి పంపుతారు. వైద్యంలో పంపడమంటే ఒక చీటీ, దాన్ని అందుకునే ఒక మనిషి, తిరిగొచ్చే ఒక రిపోర్టు. కదలని మనిషికి దక్కేది మాత్రం కుర్చీలోంచి లేస్తుండగా వినపడే ఒక ముక్క, ‘రోజూ కాస్త నడవండి’ అని. ఎంతసేపు, ఎంత జోరుగా, మోకాళ్లు పట్టేస్తే ఎలా, రోహిణి కార్తెలో ఏం చేయాలి, నడిచిందీ లేనిదీ మళ్లీ ఎవరడుగుతారు అన్నవి ఆ ముక్కలో ఇమడవు. డాక్టర్లను నిందించి లాభం లేదు. వరండా నిండా జనం కూర్చుని ఉంటే ఇంకా విడమరిచి చెప్పే తీరిక ఎవరికుంటుంది?

ఈ లోటు చిన్నదేమీ కాదు. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024లో ప్రచురించిన అంచనా ప్రకారం 2022 నాటికి మన దేశంలో వయోజనుల్లో 49.4 శాతం మంది చాలినంత శారీరక శ్రమ చేయడం లేదు. 2000లో ఈ వాటా 22.3 శాతమే. ఆడవాళ్లలో 57, మగవాళ్లలో 42. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో వెల్లడించిన లెక్క చూస్తే షుగరు ఉన్నవాళ్లు 10.1 కోట్లు, ఆ జబ్బు గట్టు మీద (ప్రీడయాబెటిస్) నిలబడినవాళ్లు 13.6 కోట్లు. ఇదే సర్వే అంతకుముందు తేల్చిన మరో సంగతి నా దృష్టిలో ఇంకా ముఖ్యమైనది. వ్యాయామం కోసమో, ఆట కోసమో, సరదాకో ఒళ్లు కదిలించేవాళ్లు పదిమందిలో ఒకరు కూడా లేరు. అంటే మన ఒంటికి దక్కే శ్రమ దాదాపు అంతా పనివల్లా, ప్రయాణంవల్లా దక్కేదే. పొలంలోకి యంత్రమొచ్చి, ఇంటి ముందుకు బైకొచ్చాక దాని స్థానంలోకి ఏదీ రాలేదు.

కదలని రోగులను వైద్య సిబ్బందే ఒక వ్యాయామ కార్యక్రమానికి రాసి పంపే పద్ధతి బ్రిటన్‌లో మూడున్నర దశాబ్దాలుగా నడుస్తోంది. అది సాధించిందీ మనకు పనికొస్తుంది, సాధించలేకపోయిందీ పనికొస్తుంది. రెండోది కొంచెం ఎక్కువే.

శ్రమకూ గుండెకూ ఉన్న లంకెను మొదట లెక్కగట్టి చూపిందీ ఆ దేశమే. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా సీట్లో కూర్చునే డ్రైవర్లకూ, మెట్లెక్కుతూ దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకూ గుండెజబ్బులో ఎంత తేడా ఉందో జెర్రీ మోరిస్ బృందం 1953లో ప్రకటించింది. కండక్టర్లకు జబ్బు తక్కువ. వచ్చినా కాస్త ఆలస్యంగా, తక్కువ తీవ్రతతో వచ్చింది. తర్వాత మోరిస్ తన లెక్కనే తాను అనుమానించి, యూనిఫారాల కొలతలు తెప్పించి చూస్తే, డ్రైవర్లు ఉద్యోగంలో చేరేనాటికే నడుము దగ్గర లావుగా ఉన్నారని తేలింది. అంటే తేడా అంతా మెట్ల పుణ్యం కాదన్నమాట. శాస్త్రవేత్త అంటే అలా ఉండాలి. వ్యాయామం గురించి గొప్పలు పోయేవాళ్లు ఈ రెండో సగం ఎప్పుడూ చెప్పరు.

జబ్బు ముదరకముందే రోగిని వ్యాయామానికి పంపాలన్న ఆలోచన ఆచరణలోకి వచ్చింది 1990లో, ఈస్ట్ సస్సెక్స్‌లోని హెయిల్‌షామ్ అనే చిన్న పట్టణంలో. అక్కడి కుటుంబ డాక్టర్లు బీపీ ఉన్నవాళ్లను, లావుగా ఉన్నవాళ్లను, పొగతాగేవాళ్లను ఊళ్లోని లీజర్ సెంటర్‌కు పంపసాగారు. ఈతకొలను, జిమ్ కలిసి ఉండే స్థానిక కేంద్రమది. పది వారాల పాటు తగ్గించిన రుసుముతో, శిక్షకుడి పర్యవేక్షణలో వ్యాయామం. ఆలోచన అందరికీ నచ్చింది. డాక్టరుకు చెప్పుకోవడానికి ఒక పని దొరికింది, ఖాళీగా ఉండే మధ్యాహ్నపు వేళల్లో లీజర్ సెంటర్‌కు మనుషులు దొరికారు. పదేళ్లలో దేశమంతా వందల పథకాలు పుట్టాయి. 2001లో ప్రభుత్వం వాటికి నాణ్యతా ప్రమాణాలు రాసింది. పనిచేస్తున్నాయా లేదా అన్న ప్రశ్న మాత్రం వెనకబడింది. హెయిల్‌షామ్‌లోనే 142 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 1998లో వచ్చేసరికే పథకాలు ఊరూరా వెలిశాయి.

లెక్కలు వచ్చాక ఉత్సాహం చల్లబడింది. అందుబాటులో ఉన్న పరీక్షలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష 2007లో తేల్చిందేమంటే, పదిహేడుమందిని పంపితే అదనంగా ఒక్కరు ఓ మోస్తరుగా చురుకైనవాళ్లవుతారు. ఎనిమిది పరీక్షలు, 5,190 మంది మీద 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష కూడా ప్రయోజనం ఉందంటే ఉంది, బలంగా లేదు అనే తేల్చింది. పదిహేడు అన్నది చెడ్డ సంఖ్యేం కాదని వాదించవచ్చు. ఒక గుండెపోటు తప్పించడానికి ఎంతమంది ఎన్నేళ్లు మాత్ర మింగాలో తెలిసినవాళ్లు అలా వాదిస్తారు కూడా. కానీ అక్కడ తప్పేది గుండెపోటు, ఇక్కడ పెరిగేది కదలిక. ఆ కదలిక ఎన్నాళ్లు నిలుస్తుందన్నది మళ్లీ వేరే ప్రశ్న. ఈ రెంటినీ ఒకే త్రాసులో వేయలేం.

ఏ వైద్యానికి ప్రజాధనం పెట్టవచ్చో బ్రిటన్‌లో చెప్పే సంస్థ పేరు నైస్. అది 2006లో, పరిశోధనలో భాగంగా తప్ప ఈ పథకాలను సిఫారసు చేయలేమంది. 2014లో ఇంకొంచెం తెగేసి చెప్పింది. జబ్బేమీ లేకుండా కేవలం కదలకుండా ఉన్నవాళ్లను పంపడానికి డబ్బు పెట్టొద్దు, వాళ్లకు డాక్టరో నర్సో కూర్చోబెట్టి క్లుప్తంగా సలహా ఇస్తే చాలు అంది. జబ్బు ఉన్నవాళ్లను, వచ్చే ముప్పు ఉన్నవాళ్లను పంపే పథకాలకు మాత్రం షరతులతో సరేనంది. మామూలుగా అందే సలహా, సేవలతో పోలిస్తే, ఆరోగ్యంగా గడిపే ఒక్కో ఏడాదికి పథకం మీద అదనంగా 76 వేల పౌండ్ల దాకా ఖర్చవుతోందని లెక్క తేలడం దీనికి కారణం. నైస్ అప్పట్లో మామూలుగా ఒప్పుకున్న హద్దు 20 నుంచి 30 వేలు.

ఇక్కడితో ఆగిపోయినవాళ్లు పథకం వృథా అంటారు. వేల్స్‌లో ఏం జరిగిందో చూస్తే అంత తొందరపడరు. వేల్స్ ప్రభుత్వం 2007లో చెల్లాచెదురుగా ఉన్న స్థానిక పథకాలను ఒక్క జాతీయ పథకంగా మార్చింది. పదహారు వారాల కార్యక్రమం, అర్హత ఉన్న శిక్షకులు, మధ్యమధ్యలో మాట్లాడటం, ఏడాది తర్వాత మళ్లీ కలవడం. మెచ్చుకోవలసిన సంగతేమంటే, పథకం విస్తరిస్తుండగానే దాన్ని పరీక్షకు పెట్టడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. 2,160 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి, ఒక జట్టును వెంటనే, ఇంకో జట్టును ఏడాది తర్వాత చేర్చుకుంది. ఫలితాలు 2012లో వచ్చాయి. గుండెజబ్బు ముప్పుతో వచ్చినవాళ్లలో కదలిక స్పష్టంగా పెరిగింది. మానసిక సమస్యలతో వచ్చినవాళ్లలో కదలిక పెరగలేదుగానీ, దిగులు, ఆందోళన తగ్గాయి. మనిషికి 385 పౌండ్లు ఖర్చయితే, ఆరోగ్యకరమైన ఒక్కో ఏడాదికి పడింది 12 వేల పౌండ్ల చిల్లర. దేశం అదే, ఆలోచన అదే. ఎవరిని పంపారు, అవతల ఎవరున్నారు అన్నవి మారేసరికి లెక్కే మారింది.

అక్కడా పదహారు వారాలూ పూర్తి చేసినవాళ్లు సగానికి తక్కువే, 44 శాతం. ఎవరు నిలిచారని చూస్తే, వయసులో పెద్దవాళ్లు, సొంత కారు ఉన్నవాళ్లు. బస్సు కోసం నిలబడాల్సినవాళ్లు జారిపోయారు. అందరికోసం పెట్టిన పథకం దగ్గరికి చేరాలంటే మళ్లీ ఎంతోకొంత ఉండాలి. ఇది మనకు చెప్పక్కర్లేని కథ.

న్యూజిలాండ్ మరో దారి పట్టింది. అక్కడ 1998 నుంచి దేశవ్యాప్తంగా అమలైన పథకానికి ‘గ్రీన్ ప్రిస్క్రిప్షన్’ అని పేరు. డాక్టరో నర్సో రోగితో మాట్లాడి, ఏం చేయాలో, ఎన్నాళ్లు చేయాలో ఆకుపచ్చ కాగితం మీద రాసిస్తారు. చాలామందికి అది నడకే. దాని నకలు ఆ ప్రాంతపు క్రీడా సంస్థకు వెళుతుంది. అక్కడి వ్యాయామ నిపుణులు తర్వాతి మూడు నెలల్లో రోగికి కనీసం మూడుసార్లు ఫోన్ చేస్తారు. ఇంతే. జిమ్ లేదు, కొలను లేదు. 42 క్లినిక్కుల్లో 40 నుంచి 79 ఏళ్ల 878 మందితో చేసిన పరీక్ష 2003లో వెలువడింది. పదిమందికి ఆ చీటీ రాస్తే, ఏడాది తర్వాత ఒకరు అదనంగా వారానికి రెండున్నర గంటల శ్రమకు చేరుకున్నారు. పదిహేడు పదికి దిగింది, అదీ భవనాలేవీ లేకుండా. ఈ రెండు సంఖ్యలూ వేర్వేరు కొలతల మీద వచ్చినవి కాబట్టి పక్కపక్కన పెట్టి మురిసిపోకూడదు. అయినా ఫోన్ చేసే మనిషికి ఉన్న విలువ తెలుస్తూనే ఉంది. స్వీడన్‌లో ఈ చీటీ రాసే అధికారం డాక్టరుకే కాదు, నర్సుకూ ఫిజియోథెరపిస్టుకూ ఉంది. ఏ జబ్బుకు ఎంత వ్యాయామం అని చెప్పే పెద్ద కరదీపిక ఒకటి వాళ్ల చేతిలో ఉంటుంది.

విదేశాల సంగతులు మనకెందుకు అనేవాళ్లకు చెన్నై ఉదాహరణ ఉంది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు గట్టు మీద ఉన్న 531 మందిని తీసుకుని జరిపిన ప్రయోగం 2006లో ప్రచురితమైంది. రోజూ అరగంట చురుగ్గా నడవడం, తిండిలో మార్పులు. మొదట రెండు వారాలకు, తర్వాత నెలనెలా ఫోన్, ఆరు నెలలకోసారి ముఖాముఖి. ఏమీ చేయనివాళ్లలో మూడేళ్లలో 55 శాతానికి షుగరు వచ్చింది. వీళ్లలో 39 శాతానికే వచ్చింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చిన జట్టుదీ దాదాపు అదే ఫలితం, మాత్రా నడకా రెండూ కలిపితే అదనంగా ఒరిగిందేమీ లేదు. ఆ తర్వాత ఫోన్‌కు మెసేజీలు మాత్రమే పంపి 537 మంది మగవాళ్ల మీద చేసిన ప్రయోగంలో కూడా షుగరు బారిన పడినవాళ్లు 27 శాతం నుంచి 18కి తగ్గారు. కేరళలో 2018లో ప్రచురితమైన పెద్ద ప్రయోగం మాత్రం, ఊరివాళ్లే నాయకత్వం వహించిన బృందాలతో నడిచినా, షుగరు తగ్గుదలను గట్టిగా రుజువు చేయలేకపోయింది. కాబట్టి బృందం కట్టగానే పని జరిగిపోతుందని ఎవరూ అనుకోకూడదు.

ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లో ఏముందో చూద్దాం. పంపేవాళ్లున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ క్లినిక్కులు, తెలంగాణలో పల్లె దవాఖానాలు, బస్తీ దవాఖానాలు. పంపదగ్గ చోట్లూ కొన్ని ఉన్నాయి. తెలంగాణలో పల్లె ప్రకృతి వనాలు, 2022లో మొదలైన క్రీడా ప్రాంగణాలు, పట్టణాల్లో పార్కులు, వాటిలో ఓపెన్ జిమ్‌లు. ఆయుష్ విభాగంలో సెషన్ల లెక్కన డబ్బు పుచ్చుకునే పార్ట్‌టైమ్ యోగా శిక్షకులున్నారు. జిల్లా ఎన్‌సీడీ (అసాంక్రమిక వ్యాధుల) క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు ఉండాలని కేంద్రం మార్గదర్శకాల్లోనే ఉంది. ఇవి ఒకదానికొకటి తెలియకుండా బతుకుతున్నాయి. విలేజ్ క్లినిక్‌లో బీపీ చూసే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరుకు యోగా శిక్షకురాలి ఫోన్ నంబరు తెలియాలని ఎక్కడా రాసిలేదు. ప్రకృతి వనంలో ఉదయం ఎవరు నడుస్తున్నారో పీహెచ్‌సీకి అక్కర్లేదు.

మన ప్రభుత్వాలకు శారీరక శ్రమ అంటే ఆసక్తి లేదనలేం. 2025 జూన్ 21న విశాఖ సాగర తీరంలో 3 లక్షల మందికి పైగా ఒకేసారి యోగా చేశారు, రికార్డు పుస్తకంలోకి ఎక్కారు. దానికి ముందు నెల రోజులు ‘యోగాంధ్ర’ పేరుతో రాష్ట్రమంతా ప్రచారం నడిచింది. ఆ హడావుడిని తీసిపారేయను, ఒక్కసారైనా చాప పరిచినవాళ్లలో కొందరు కొనసాగిస్తారు. కానీ గుంటూరు జిల్లాలో ఏదో ఊళ్లో బీపీ 160 దాటి, మోకాళ్లు వాచి, ఏడాదిగా ఇల్లు కదలని యాభై ఐదేళ్ల ఆవిడ ఆ మూడు లక్షల్లో ఉండదు. స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు ఎప్పుడూ రాగలిగినవాళ్లే. రాలేనివాళ్లను వెతికి, పేరు పెట్టి పిలిచి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టడానికే ఈ చీటీ పద్ధతి పుట్టింది.

నిజానికి బ్రిటన్‌కు లేని సౌకర్యం ఒకటి మన దగ్గర ఉంది. బీపీ, షుగరు మాత్రలు నెలనెలా ఇస్తారు, చాలా ఊళ్లలో అయితే గుమ్మం దాకా వచ్చి ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 104 బండి వచ్చే రోజు రోగికి తెలుసు, రోగి పేరు సిబ్బందికి తెలుసు. న్యూజిలాండ్ వాళ్లు ఫోన్ చేసి సాధించినదాన్ని మనం ఎదురుగా నిలబడి అడగవచ్చు. మాత్రల స్ట్రిప్పు చేతిలో పెడుతూ ‘ఏమ్మా, పోయిన నెల వారానికి ఎన్ని రోజులు నడిచావు, ఎంతసేపు నడిచావు?’ అని రెండు ప్రశ్నలు. అమెరికాలో కైసర్ పర్మనెంటె ఆసుపత్రులు 2009 నుంచి బీపీ, నాడి పక్కనే ఇవే రెండు ప్రశ్నలు నమోదు చేస్తున్నాయి.

ఎవరిని పంపాలి? నైస్ చెప్పిన ఖర్చు లెక్క మనకు యథాతథంగా వర్తించదు. అది అక్కడ మామూలుగా అందే సలహా, సేవలతో పోల్చి వేసిన లెక్క, మన దగ్గర ఆ సలహాయే సరిగా అందడం లేదు. ఎంపిక తర్కం మాత్రం పూర్తిగా వర్తిస్తుంది. సగం జనాభా కదలడం లేదని సగం జనాభాకూ చీటీలు రాస్తే అవి బస్సు టిక్కెట్లలా రాలిపోతాయి. బీపీ, షుగరు ఇప్పటికే తేలినవాళ్లు, గట్టు మీద ఉన్నవాళ్లు, స్టెంటు వేయించుకుని ఇంటికొచ్చి భయంతో మంచం దిగనివాళ్లు, ముందు వీళ్లు. మిగతావాళ్లకు ఆశా చేసే ఐదు నిమిషాల సంభాషణ చాలు. ఆ ఐదు నిమిషాల్లో ఆమెకు ఇంకో తెలివి కూడా ఉండాలి. నాట్లు వేసి నడుము విరిగి ఇంటికొచ్చిన కూలీకి నడక చీటీ రాయడం వెటకారమవుతుంది. అలాగే నిమిషాల లెక్కలో ఆడవాళ్ల ఇంటి చాకిరీ పడుతుందో లేదో అడిగేవాళ్లకు స్పష్టంగా తెలియకపోతే ఆ మార్కుకు అర్థం లేదు.

పంపకూడనివాళ్లూ ఉంటారు. నడిస్తే ఛాతీ పట్టేసేవాళ్లను, బీపీ అదుపులో లేనివాళ్లను, కాలికి పుండున్న షుగరు రోగులను ముందు డాక్టరు చూడాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు షుగరు పడిపోతే ఏం చేయాలో చెప్పకుండా తెల్లవారుజామున ఖాళీ కడుపుతో రోడ్డెక్కించడం ప్రమాదం.

ఎక్కడికి పంపాలన్నది ఇంకా చిక్కుముడి. ‘మార్నింగ్ వాక్’ అన్నది మగవాడి మాట. గొలుసు దొంగలు, వీధి కుక్కలు, ఫుట్‌పాత్ లేని రోడ్డు, పొద్దున్నే వంటా బడీ. వీటన్నిటి మధ్య ఆడమనిషికి ఆ గంట ఎక్కడ దొరుకుతుంది? కొత్త మైదానాలు కట్టేకన్నా ఇప్పటికే కలుసుకుంటున్నవాళ్లను పట్టుకోవడం మేలు. డ్వాక్రా సంఘాల మహిళలు ఎలాగూ కూర్చుంటారు, ఆ కూర్చునే చోటికే శిక్షకురాలు రావచ్చు. బడి వదిలాక బడి ఆవరణ ఖాళీగా ఉంటుంది. ఊళ్లో రిటైరైన పీఈటీ ఉంటే ఆయన కంటే మంచి శిక్షకుడిని హైదరాబాద్ నుంచి తేలేం. పన్నెండు వారాలు, వారానికి రెండుసార్లు. మోకాళ్ల నొప్పులవాళ్లకు ఏం చేయించాలో జిల్లా ఫిజియోథెరపిస్టు ఒక పూట వచ్చి నేర్పిస్తే శిక్షకులకు ధైర్యం వస్తుంది. వచ్చినవాళ్ల పేర్లు తిరిగి క్లినిక్‌కు వెళ్లాలి. రాని పేర్లు మరీ ముఖ్యం.

ఈ పనికి పెద్ద శత్రువు డబ్బు కొరత కాదు, మన సమీక్ష సమావేశం. నెలాఖరున ‘మీ మండలంలో ఎన్ని చీటీలు రాశారు?’ అని అడిగారంటే మరుసటి నెలకు చీటీలు వెల్లువెత్తుతాయి, ఊళ్లో ఒక్కరూ కదలరు. కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు ఇప్పటికే ఎన్ని యాప్‌లలో ఎన్ని గడులు నింపుతున్నారో వాళ్లనడిగితే చెబుతారు. ఇంకో గడి పెట్టేట్టయితే పాతదొకటి తీసేయాలి. బ్రిటన్‌లోనూ తొలి పథకాలు ఎంతమందిని పంపామన్నదే గొప్పగా చెప్పుకున్నాయి, పన్నెండో వారంలో ఎంతమంది మిగిలారన్నది చాలాకాలం ఎవరూ అడగలేదు. అడగవలసింది అదే. ఆరు నెలలకు ఎంతమంది ఇంకా నడుస్తున్నారు, వాళ్ల బీపీ ఎంత, మానేసినవాళ్లు ఎందుకు మానేశారు.

వేల్స్ చేసినట్టే మనమూ చేయవచ్చు. రెండు రాష్ట్రాల్లో చెరో జిల్లా తీసుకుని, మండలాలను లాటరీ వేసి, సగం మండలాల్లో ఈ ఏడాది, మిగతా సగంలో వచ్చే ఏడాది మొదలుపెట్టడం. వైద్య కళాశాలల్లోని కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలకు ఇంతకంటే మంచి పని దొరకదు, ప్రతి పీజీ విద్యార్థీ ఎలాగూ ఒక థీసిస్ రాయాలి. శిక్షకుల గౌరవ వేతనం, ఫోన్ ఖర్చు, ఒక రిజిస్టరు మించి దీనికి కొత్త బడ్జెట్ పద్దు అక్కర్లేదు. ఏడాది తిరిగాక రెండు సగాల మధ్య తేడా కనిపించకపోతే మూసేస్తామని మొదటి జీవోలోనే రాసి ఉండాలి.